వీధిలో విందు

ఒక నగరాన్ని తెలుసుకోవడానికి మార్గాలు అనేకం. కోటలను, దేవాలయాలను, మసీదులను, ప్రదర్శనశాలలను దర్శించడం ఒక మార్గం. చరిత్ర గ్రంథాలు చదవడం మరొక మార్గం. ఇటీవలి కాలంలో మన నగరాలలో ఇంకొక పద్ధతి ప్రచారంలోకి వచ్చింది. పదిమంది ఒక బృందంగా ఏర్పడి, ఆ ఊరి వీధులూ వాటి పూర్వకథలూ బాగా ఎరిగిన మార్గదర్శి వెంట కాలినడకన తిరుగుతారు. బండ్ల దగ్గర, చిన్న దుకాణాల దగ్గర ఆగి అక్కడి తినుబండారాలను రుచి చూస్తారు. అవి ఎక్కడ పుట్టాయో, ఆ వీధికి ఎలా చేరాయో వింటారు. దీనిని ‘ఫుడ్ వాక్’ అని పిలుస్తున్నారు. మనం ‘తిండి నడక’ అనుకోవచ్చు. ఢిల్లీలోని చాందినీ చౌక్, లక్నోలోని చౌక్, హైదరాబాదులోని పాతబస్తీ ఇటువంటి నడకలకు పేరుపొందినవి.

పేరు కొత్తదే గాని పని కొత్తది కాదు. వినుకొండ వల్లభరాయని పేరు మీద ఉన్న ‘క్రీడాభిరామం’ అనే రూపకాన్ని మీలో కొందరు విని ఉంటారు. అది శ్రీనాథుని రచనే అనేవారూ ఉన్నారు. ఆ చర్చ మనకు ఇక్కడ అవసరం లేదు. గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు మిత్రులు కాకతీయుల ఓరుగల్లు వీధులలో ఒక రోజంతా తిరగడమే అందులోని కథ. కోడిపందేలు, పొట్టేళ్ల పోరాటాలు, పాములవాళ్లు, పల్నాటి వీరుల కథలు పాడేవాళ్లు, ఇలా వీధిలో కనిపించేవన్నీ వారు చూస్తారు. నడుమ ఆకలి వేస్తే పూటకూళ్ల ఇంటి ప్రస్తావన వస్తుంది. ఒక్క రూక ఇస్తే సువాసన గల అన్నం, గోధుమ పిండివంట, పెసరపప్పు, నెయ్యి, నాలుగైదు ఊరగాయలు, పెరుగు లభిస్తాయట. ఒక నగరంలో సామాన్యుడు డబ్బిచ్చి ఏమి కొని తిన్నాడో చెప్పిన పద్యాలు మన సాహిత్యంలో అరుదు. రాజుల విందులను వర్ణించిన కవులు కోకొల్లలు.

నేను ఈ ఘట్టాన్ని ఎన్నో సంవత్సరాలు తరగతిలో బోధించాను. ఒకసారి ఒక విద్యార్థిని లేచి, “సార్, వాళ్లలాగా మీరెప్పుడైనా వీధిలో తిరిగి తిన్నారా?” అని అడిగింది. తరగతి నవ్వింది. నేనూ నవ్వాను గాని, బదులు చెప్పలేకపోయాను. బండి దగ్గర తినడం గౌరవం కాదనీ ఆరోగ్యం కాదనీ పెద్దలు చెప్పగా విని పెరిగినవాణ్ణి. హైదరాబాదులో పాతికేళ్లు ఉండి కూడా చార్మినారు దగ్గర ఒక కప్పు చాయ్ తప్ప మరేమీ ముట్టలేదు. ఆ లోటు తీర్చుకుందామని డిసెంబరు నెలలో ఒక గురువారం సెలవు పెట్టి, ఒక తిండి నడకలో చేరాను.

ఉదయం ఆరున్నరకు చార్మినారు వద్ద కలుసుకున్నాం. తొమ్మిదిమందిమి. మార్గదర్శి పాతబస్తీలోనే పుట్టి పెరిగిన ముప్పై ఏళ్ల యువకుడు. మొదట అతడు ఒక్కొక్కరినీ మూడు ప్రశ్నలు అడిగాడు: మాంసం తింటారా, వేరుసెనగ పడనివారు ఎవరైనా ఉన్నారా, మందులు వేసుకునేవారు ఉన్నారా అని. ముగ్గురికి ఒక పళ్లెం చొప్పున పంచుకోవాలనీ, మొదటి చోటే కడుపు నింపుకుంటే నాలుగో చోట కథ మాత్రమే మిగులుతుందనీ హెచ్చరించాడు. “ఫోటో తీసే ముందు అడగండి. వాళ్లు పనిలో ఉంటారు. మనం వాళ్ల పనిచోటుకు వచ్చాం” అన్నాడు. ఈ చివరి మాట విలువ నాకు అప్పుడు తెలియలేదు.

మక్కా మసీదు పక్కన ఉన్న దుకాణంలో చాయ్‌తో నడక ఆరంభమైంది. ఇరానీ చాయ్‌లో డికాక్షను వేరు, పాలు వేరు. మూత బిగించిన పాత్రలో తేయాకు చాలాసేపు సన్నని సెగ మీద మరుగుతుంది. మరో పాత్రలో పాలు చిక్కబడతాయి. రెండూ కప్పులోనే కలుస్తాయి. పందొమ్మిదో శతాబ్దం చివర, ఇరవయ్యో శతాబ్దం ఆరంభంలో ఇరాన్ నుండి బొంబాయికి, అక్కడి నుండి హైదరాబాదుకు వలస వచ్చినవారు ఈ హోటళ్లు పెట్టారు. అయితే ఇరాన్ దేశంలో చాయ్‌లో పాలు పోసుకునే అలవాటు లేదు. ఆకు చైనాది, తోటలు ఆంగ్లేయులు అస్సాములో వేయించినవి, హోటలు ఇరానీయునిది, పాలు మనవి. ఇన్ని దేశాలు కలిస్తే గాని ఆ కప్పు నిండలేదు.

చాయ్‌తో పాటు ఇచ్చే ఉస్మానియా బిస్కెట్టు కొంచెం తీపి, కొంచెం ఉప్పు. చివరి నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ పేరు మీద దానికి ఆ పేరు వచ్చింది. ఉస్మానియా ఆసుపత్రిలోని రోగుల కోసం దానిని మొదట తయారుచేశారని ఒక కథ ఉంది. మార్గదర్శి ఆ కథ చెప్పి, “ఇది అందరూ చెప్పుకునే మాట. కాగితం మీద నేను చూడలేదు” అన్నాడు. చరిత్రను, ఐతిహ్యాన్ని వేరుచేసి చెప్పే ఈ నిజాయితీ కొందరు పండితులలో కూడా కనిపించదు. అప్పటి నుండి అతని మాటలను మరింత శ్రద్ధగా విన్నాను.

అక్కడి నుండి సందులో కొద్ది దూరం నడిచి నహారీ అమ్మే హోటలుకు చేరుకున్నాం. ‘నహార్’ అంటే అరబ్బీ భాషలో పగలు. రాత్రంతా సన్నని మంట మీద ఉడికిన మాంసపు పులుసును తెల్లవారిన తరువాత తింటారు గనుక ఆ పేరు. రోజంతా బరువు మోసేవారికి, బండి లాగేవారికి అది మధ్యాహ్నం దాకా ఆసరా. నేను శాకాహారిని; పక్కనే ఇచ్చిన కుల్చా రొట్టె మాత్రం తుంచుకొని తిన్నాను. ఆసఫ్‌జాహీల పసుపుపచ్చని జెండా నడుమ ఉన్న గుండ్రని గుర్తు ఈ కుల్చాయేనని చెబుతారు. మొదటి నిజాం దక్కనుకు వచ్చేముందు ఒక సూఫీ గురువు ఆయనకు కుల్చాలు పెట్టాడనీ, ఆయన ఏడు తిన్నాడనీ, ఏడు తరాలు రాజ్యమేలతారని గురువు దీవించాడనీ కథ. కథ సంగతి ఎలా ఉన్నా, రొట్టెను జెండా మీద పెట్టుకున్న రాజ్యం అన్న భావన నాకు నచ్చింది.

బృందంలో ఒకరు హలీము ఏదని అడిగారు. అది ప్రధానంగా రంజాను మాసపు వంటకమనీ, ఈ వేళ దొరకదనీ మార్గదర్శి చెప్పాడు. గోధుమలు, మాంసం, పప్పులు కలిపి కట్టెల భట్టీ మీద గంటల తరబడి ఉడికించి, పొడవాటి కర్రలతో ఇద్దరు మనుషులు మెదుపుతారు. దీని మూలం అరబ్బుల ‘హరీస్’. పదో శతాబ్దంలో బాగ్దాదులో రాసిన వంటల గ్రంథంలోనే దాని ప్రస్తావన ఉంది. నిజాం సైన్యంలో చేరడానికి యెమన్ ప్రాంతం నుండి వచ్చిన అరబ్బులు దానిని ఇక్కడికి తెచ్చారు. వారు నివసించిన సైనికుల ‘బ్యారక్సు’ నేడు బార్కస్ అయింది. 2010లో హైదరాబాదీ హలీముకు భౌగోళిక గుర్తింపు లభించింది. మన దేశంలో మాంసాహార వంటకానికి ఆ గుర్తింపు రావడం అదే మొదలు. 2019లో యునెస్కో హైదరాబాదును రుచుల విభాగంలో సృజనాత్మక నగరాల జాబితాలో చేర్చింది. ఇంత చెప్పి బిరియానీ మాట ఎత్తలేదని మీరు అనుకోవచ్చు. అది కూర్చుని తినవలసిన భోజనం. మా నడక దారిలోకి రాలేదు.

ఎనిమిది గంటలకు గుల్జార్ హౌజ్ చేరుకున్నాం. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా చార్మినారు నిర్మించిన తరువాత దానికి ఉత్తరంగా నాలుగు కమానులతో ఒక విశాలమైన చౌకును ఏర్పరచారు. దాని నడుమ ఉన్న నీటి తొట్టే గుల్జార్ హౌజ్. చుట్టూ ముత్యాల దుకాణాలు, నగల దుకాణాలు. ఆ వేళకు అన్నింటికీ షట్టర్లు దించి ఉన్నాయి. ఒక మూసిన షట్టరు ముందు దోసెల బండి. దాని చుట్టూ యాభై మంది జనం.

బండి మీద రెండు పెద్ద పెనాలు. యజమాని ఒకేసారి ఎనిమిది దోసెలు పోస్తున్నాడు. వెన్న, ఉప్మా, ఆలుగడ్డ కూర, ఎర్రకారం పెనం మీదే కలిపి దోసె అంతటా పరుస్తున్నాడు. పల్లీ చట్నీ గిన్నెలతో ఒక కుర్రవాడు అటూ ఇటూ తిరుగుతున్నాడు. దోసె మనకు చాలా పాతది. పన్నెండో శతాబ్దంలో కల్యాణి చాళుక్య రాజు మూడవ సోమేశ్వరుడు రచించిన ‘మానసోల్లాసం’ అనే సంస్కృత గ్రంథంలో ‘ధోసక’ అనే పేరుతో అది కనిపిస్తుంది. కాని ఆ దోసె మీద ఉన్న మిరపకారం, ఆలుగడ్డ, పక్కన ఉన్న పల్లీలు, ఇవన్నీ అమెరికా ఖండాలలో పుట్టినవి. వాస్కోడిగామా 1498లో కాలికట్టులో దిగిన తరువాత పోర్చుగీసువారి రాకపోకల వల్ల క్రమంగా మన నేలకు చేరినవి. మంచనశర్మ, టిట్టిభసెట్టి విన్న ఆ భోజనంలోని ఊరగాయలలో మిరపకాయ లేనే లేదు! కారం కావాలంటే మిరియమే దిక్కు. మిరపకాయ లేని తెలుగు ఊరగాయను ఊహించడం నాకు ఇప్పటికీ సాధ్యం కావడం లేదు.

మా బృందంలో ఒకాయన ఫోన్ తీసి, పళ్లేలు కడిగే బకెట్టును దగ్గరగా ఫోటో తీయబోయాడు. యజమాని చూసి చేయి ఆపాడు. ఏమీ అనలేదు; ముఖం మాత్రం అటు తిప్పుకున్నాడు. మార్గదర్శి ముందుకు వెళ్లి, “అన్నా, ఏమనుకోకు” అని, ఆయనను పక్కకు తీసుకుపోయి మెల్లగా చెప్పాడు: “సార్, ఆ ఫోటో పదివేల మంది చూస్తారు. రేపు ఈ బండి ఉండదు. మీకు నీళ్ల మీద అనుమానం ఉంటే ఆయన్నే అడగండి.” ఆయన అడిగాడు. యజమాని బండి కింద ఉన్న మరో రెండు డ్రమ్ములు చూపించాడు. నీళ్లు గంటకొకసారి మారుస్తారట. తాగేవారికి వేరే క్యాను ఉంది. ఆయన ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

పరిశుభ్రత గురించిన భయం నిరాధారమైనది కాదు. వీధిలో తినేటప్పుడు వివేకం అవసరం. ఆహారాన్ని చెడగొట్టే సూక్ష్మజీవులు సుమారు 5 నుండి 60 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రతల మధ్య వేగంగా పెరుగుతాయి. కనుక కళ్లముందు పొగలు కక్కుతూ పెనం మీది నుండి దిగినది, ఎప్పుడో వండి మూతపెట్టినదాని కంటే క్షేమం. జనం ఎక్కువగా ఉన్న బండి దగ్గర సరుకు నిలవ ఉండదు. కోసి పెట్టిన పండ్లు, ఎక్కడిదో తెలియని మంచుగడ్డ, నల్లబడిన నూనె, వీటికి దూరంగా ఉండాలి. బజ్జీలను వార్తాపత్రిక కాగితంలో చుట్టి ఇవ్వడం మనకు బాగా అలవాటు. సిరాలోని రసాయనాలు ఆహారంలోకి దిగుతాయి గనుక అలా చేయవద్దని జాతీయ ఆహార భద్రతా సంస్థ 2016లో సూచించింది. ఇవన్నీ తెలుసుకొని తినడం ఒకటి, బండిని చూడగానే ముక్కు మూసుకోవడం మరొకటి. నేను పాతికేళ్లు చేసింది రెండోది.

రద్దీ కొంచెం తగ్గాక యజమానిని పలకరించాను. “ఎన్నేళ్లుగా ఇక్కడ పెడుతున్నారండీ?”

“పద్దెనిమిదేండ్లు సార్. మాది పాలమూరు దిక్కు. పొద్దుగాల ఆరింటికి వస్త. పదిన్నర దాక ఉంట. దుకాణం షట్టర్ లేస్తే బండి లేవాలె.”

“తరువాత?”

“తర్వాత ఇది నగల దుకాణం సార్. రాత్రి షట్టర్ పడినంక ఇంకో ఆయన కబాబులు పెడుతడు. జాగ ఒకటే, మనుషులం ముగ్గురం.”

ఈ మాట నన్ను ఆలోచింపజేసింది. వీధి అంటే నడిచిపోయే దారి అనుకున్నాను. కాని ఒకే ఆరడుగుల స్థలాన్ని గడియారం ముల్లును బట్టి ముగ్గురు పంచుకొని, మూడు కుటుంబాలు బతుకుతున్నాయి. వారి మధ్య ఉన్నది మాట మాత్రమే, రాతకోతలు లేవు. దుకాణదారు మారినా, రోడ్డు వెడల్పు చేసినా, కొత్త అధికారి వచ్చినా ఆ మాట నిలుస్తుందన్న హామీ లేదు. పద్దెనిమిదేళ్లలో తన బండిని నాలుగుసార్లు ఎత్తుకుపోయారనీ, ఒకసారి పెనం తిరిగి రాలేదనీ ఆయన చెప్పాడు. చెప్పేటప్పుడు దోసె తిప్పడం ఆపలేదు.

వీధి వ్యాపారం నేరం కాదని మన న్యాయస్థానాలు ఏనాడో చెప్పాయి. తగిన నియంత్రణలకు లోబడి వీధిలో వ్యాపారం చేసుకోవడం రాజ్యాంగం ఇచ్చిన వృత్తి స్వేచ్ఛలో భాగమని 1989లో సోదాన్‌సింగ్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. 2014లో పార్లమెంటు వీధి వ్యాపారుల జీవనోపాధి పరిరక్షణ చట్టాన్ని చేసింది. దాని ప్రకారం ప్రతి పట్టణంలోనూ ఒక వెండింగ్ కమిటీ ఉండాలి. అందులో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారులే కావాలి. ఆ సభ్యులలో మూడో వంతు స్త్రీలు ఉండాలి. వ్యాపారులందరినీ లెక్కించి గుర్తింపు పత్రాలు ఇవ్వాలి. ఆ పని పూర్తయ్యే వరకు ఎవరినీ ఖాళీ చేయించరాదు. కొనేవారూ అమ్మేవారూ తరతరాలుగా కలుసుకుంటున్న చోటును ‘సహజ విపణి’గా చట్టం గుర్తించింది. ఒకే స్థలాన్ని వేళల వారీగా పంచుకోవడాన్ని కూడా అది కాదనలేదు. అంటే గుల్జార్ హౌజ్ దగ్గర ముగ్గురు మనుషులు మాట మీద చేసుకున్న ఏర్పాటుకు చట్టంలో చోటు ఉంది. చట్టంలో ఉన్నది వీధిలోకి రావడానికే కాలం పడుతుంది. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చినప్పుడు ఈ బండ్లు నెలల తరబడి నిలిచిపోయాయి. ఆ జూన్‌లో కేంద్ర ప్రభుత్వం వీధి వ్యాపారులకు మొదట పదివేల రూపాయల రుణం ఇచ్చే పథకాన్ని ప్రారంభించింది. “ఆ పైసలతోనే కొత్త పెనం కొన్న సార్” అన్నాడు ఆయన. గుర్తింపు పత్రాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి బండి లోపలి వైపు అతికించుకున్నాడు. దేవుని పటం పక్కనే.

ఇంకొక సంగతి చెప్పకుండా ఉండలేను. నడకకు నేను చెల్లించిన సొమ్ముతో అదే బండి దగ్గర ముప్పై దోసెలకు పైగా వస్తాయి. మరి ఈ నడకల వల్ల బండివానికి ఒరిగేదేమిటి? ఈ ప్రశ్ననే మార్గదర్శిని అడిగాను. అతడు దాటవేయలేదు. తాను ధర తగ్గించమని అడగననీ, రద్దీ వేళ బృందాన్ని ముందుకు తోయననీ, అమ్మకంలో వాటా తీసుకోననీ చెప్పాడు. అలా తీసుకునేవారూ ఉన్నారని ఒప్పుకున్నాడు. బండి యజమాని అభిప్రాయం మరొక విధంగా ఉంది: “ఫోటోలు తీసి పోయేటోళ్లు శానమంది సార్. తిని పోతే మంచిదే. మీరు తిన్నరు గద!” మనుషులను వింత వస్తువులుగా చూపే నడకకు, మనుషులతో మాట్లాడించే నడకకు తేడా ఎక్కడుందో ఆ మాటలో నాకు దొరికింది. ఇటువంటి నడకను ఎంచుకునేవారు రుచుల పట్టికతో పాటు ఈ సంగతి కూడా విచారించడం మంచిది.

ఎనిమిదిన్నరకు చట్నీ గిన్నెలు మోస్తున్న కుర్రవాడు చేతులు కడుక్కొని, బండి కొక్కేనికి వేలాడుతున్న సంచి అందుకున్నాడు. యజమాని కొడుకట, ఇంటర్మీడియట్ రెండో సంవత్సరం. నేను లెక్చరర్నని తెలియగానే, “పరీక్షల్ల వ్యాసం ఎన్ని పేజీలు రాయాలె సార్?” అని అడిగాడు. పేజీలు కాదు, విషయం ముఖ్యమని ఎప్పటి జవాబే చెప్పాను. అతనికి అది చాలినట్టు లేదు. బస్సు వేళయిందని పరుగెత్తాడు.

పత్తర్‌గట్టి రాతి వరండాల మీదుగా మదీనా కూడలికి, అక్కడి నుండి పురానీ హవేలీ వైపు నడిచాం. అక్కడ నాన్ రొట్టెలు కాల్చే పాత భట్టీలు ఉన్నాయి. మనం హోటళ్లలో చూసే నాన్ కోలగా ఉంటుంది; ఇక్కడిది నాలుగు మూలలతో పలకలా ఉంటుంది. భట్టీ నేలలోకి దిగి ఉంటుంది. కాల్చేవాడు దాని అంచున కూర్చుని, పిండిని లోపలి గోడకు చరిచి, రెండు ఇనుప ఊచలతో పైకి లాగుతాడు. నిప్పు దగ్గర అలా గంటల తరబడి కూర్చోవడం తేలిక కాదు. పక్కనే మరో చోట సన్నని పొరలో ఉల్లిపాయ కూరిన సమోసాలు. సమోసా కూడా ‘సంబోసా’గా పారశీక దేశాల నుండి వచ్చినదే. పద్నాలుగో శతాబ్దంలో ఢిల్లీకి వచ్చిన ఇబ్న్ బతూతా సుల్తాను విందులో దానిని చూశాడు. నాడు సుల్తాను పళ్లెంలో మాంసం, బాదం, పిస్తాలతో ఉన్నది నేడు ఉల్లిపాయతో అందరికీ అందుబాటులోకి దిగివచ్చింది. అంతకుముందు తిన్న దోసె వల్ల నేను ఒక్కటే తినగలిగాను. మార్గదర్శి హెచ్చరిక అప్పుడు గుర్తుకు వచ్చింది.

తిరిగి చార్మినారు చేరడానికి వచ్చిన దారినే పట్టాం. మొత్తం మీద మూడు కిలోమీటర్లకు మించదు గాని, నాలుగు గంటలు గడిచాయి. గుల్జార్ హౌజ్ దగ్గరికి వచ్చేసరికి పదిన్నర దాటింది. దోసెల బండి లేదు. ఉదయం యాభై మంది నిలబడిన చోట నేల కడిగి ఉంది. ఇంకా తడి ఆరలేదు. షట్టరు పైకి లేచింది. దుకాణదారు గాజు పెట్టెను వాకిలి దాకా జరిపి, నల్లని మఖ్మలు గుడ్డ మీద ముత్యాల దండలు ఒక్కొక్కటిగా పరుస్తున్నాడు.